పాత పెట్రోల్ కారు: లాగడం లేదు, మైలేజ్ సగానికి దగ్గరైంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలి_హ్యాచ్:
అందరికీ నమస్కారం. నాది 15 ఏళ్ల నాటి 1.6 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్లు, ఐదు గేర్ల మాన్యువల్, టర్బో లేదు. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నెమ్మదిగా తిరిగితే ఏ లోపమూ కనిపించదు. హైవే ఎక్కి నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా 3500 ఆర్‌పీఎం దగ్గర బండి మొండికేస్తుంది. సూది పైకి వెళ్లదు, వేగమూ పెరగదు. ఎత్తు ఎక్కాలంటే మూడో గేర్‌కి దిగాల్సిందే. వెనక నలుగురు కూర్చుంటే ఓవర్‌టేక్ చేయాలన్నా భయమేస్తోంది.

ఇదే ఇంజిన్ వాడేవాళ్లు లీటరుకు 15 కి.మీ. వస్తుందంటున్నారు. నాకు 9 లేదా 10.

చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఆయిల్ మార్చాడు. తేడా లేదు. ఇప్పుడు ఆక్సిజన్ సెన్సర్ (ఎగ్జాస్ట్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది), ఫ్యూయల్ పంపు (ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోల్ తోసేది) రెండూ మార్చేద్దామంటున్నాడు. ఒప్పుకునే ముందు మీ అభిప్రాయం తెలుసుకుందామని రాస్తున్నాను.

గట్టి_ఇంజిన్:
ఆక్సిజన్ సెన్సర్ మార్చేయండి బ్రో. పాత బండికి మైలేజ్ పడిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. నా పాత కారుకు అది మార్చగానే సెట్ అయింది.

స్పానర్14:
నీలి_హ్యాచ్ గారూ, తొందరపడకండి. ఆక్సిజన్ సెన్సర్ పోయినా, పంపు బలహీనపడినా ఇలాంటి లక్షణాలే వస్తాయి, నిజమే. కానీ ఇవే లక్షణాలు ఇంకో పది కారణాల వల్ల కూడా వస్తాయి. ఆ సెన్సర్ బాగుందో లేదో అదే చెబుతుంది, అడగడం తెలిస్తే చాలు.

మొదట ఒక విషయం. మీరు చెప్పినవి రెండు ఫిర్యాదులు. రెండింటికీ ఒకే కారణం ఉండాలని రూలేమీ లేదు. ఇంజిన్ తయారు చేయాల్సిన శక్తి తయారు చేయకపోవడం ఒకటి. తయారైన శక్తి చక్రాల దాకా చేరకుండా దారిలో పోవడం మరొకటి. పాత బండిలో ఈ రెండూ కలిసి ఉండొచ్చు. అందుకే ఏది ఎంత అన్నది కొలవందే ఏ పార్టూ కొనవద్దు.

మైలేజ్ ఎలా లెక్కపెడుతున్నారు? మీటర్లో చూపించే అంకె వద్దు. అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర ట్యాంక్ నింపండి, ఆటో కటాఫ్ పడగానే ఆపేయండి. మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. ఒక ట్యాంకు లెక్కను నమ్మవద్దు, వరసగా కొన్ని ట్యాంకుల సగటు తీసుకోండి. పాత ఓనరు టైరు సైజు మార్చి ఉంటే ఓడోమీటరే తప్పు చెబుతుంది, అదీ చూడండి. పెట్రోల్లో ఇథనాల్ ఎంత కలుస్తుందో కూడా గుర్తుంచుకోండి. లీటరుకు ఇథనాల్ ఇచ్చే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పది శాతం కలిస్తే మూడు శాతం దాకా మైలేజ్ తగ్గడం సహజం. 15 నుంచి 10కి పడటానికి మాత్రం అది కారణం కాదు.

తర్వాత ఒక ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని రీడింగులు చదివే పరికరం) సంపాదించండి, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్నదైనా చాలు. లైటు వెలగకపోయినా లైవ్ డేటా వస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఈ అంకెలు రాసి పెట్టండి: కూలెంట్ ఉష్ణోగ్రత, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ తన లెక్క కంటే పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో), ముందు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్, మాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) చూపే గ్రాములు. ఐడిల్‌లో (బండి ఆగి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) ఒకసారి, హైవే మీద ఒకే వేగంతో పోతూ ఒకసారి, ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌లో మొత్తం తొక్కి 4500 దాకా లాగి ఒకసారి. అంకెలు మీరు చూడవద్దు, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి లేదా యాప్‌లో రికార్డ్ పెట్టండి.

నాలుగో_గేర్:
క్లచ్ కూడా చూసుకోండి. ఎత్తు మీద నాలుగో గేర్‌లో ఒక్కసారి గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ఎగిరి, వేగం అక్కడే ఉండిపోతే క్లచ్ జారుతున్నట్టు. మీరు సూది కూడా పెరగదంటున్నారు కాబట్టి అది కాకపోవచ్చు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి, డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం. రూఫ్ క్యారియర్ ఉంటే తీసేయండి.

నీలి_హ్యాచ్:
స్పానర్14 గారూ, చాలా థ్యాంక్స్. అన్నీ రాసుకున్నాను.

ఐడిల్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ +4, షార్ట్ టర్మ్ సున్నాకు అటూ ఇటూ. హైవే మీద లాంగ్ టర్మ్ +2. ఆక్సిజన్ సెన్సర్ 0.1 నుంచి 0.8 వోల్టుల మధ్య చకచకా మారుతోంది. మొత్తం తొక్కినప్పుడు మాత్రం కదలకుండా 0.88 దగ్గర నిలబడింది. మాఫ్ 4500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 38 గ్రాములు. కూలెంట్ హైవే మీద 70 డిగ్రీలు, ట్రాఫిక్‌లో ఆగితే 86.

స్టోర్ అయిన కోడ్‌లు (లోపాల నంబర్లు) లేవు. కానీ యాప్‌లో ‘రెడీనెస్’ అనే పేజీలో క్యాటలిస్ట్ ఎదురుగా ‘పూర్తి కాలేదు’ అని ఉంది. దాని అర్థమేంటి?

క్లచ్ జారడం లేదు. టైర్లు సరిగ్గానే ఉన్నాయి. కొన్ని ట్యాంకుల సగటు 10.2.

గట్టి_ఇంజిన్:
సెన్సర్ బాగానే తిరుగుతోంది కదా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 38 గ్రాములు తక్కువనిపిస్తోంది. మాఫ్ సెన్సర్ మురికి పట్టి ఉంటుంది, దాని స్ప్రే కొట్టి క్లీన్ చేస్తే సరిపోతుందేమో?

మల్టీమీటర్:
38 తక్కువే. ఎంత తక్కువో లెక్కేసి చూద్దాం, ఈ కేసులో అన్నిటికంటే విలువైన అంకె అదే.

1.6 లీటర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సామర్థ్యమంత గాలి పీలుస్తుంది. అంటే చుట్టుకు 0.8 లీటర్లు. 4500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3600 లీటర్లు, సెకనుకు 60. లీటరు గాలి బరువు సముద్ర మట్టం దగ్గర సుమారు 1.2 గ్రాములు. కాబట్టి వంద శాతం నిండితే 72 గ్రాములు. టర్బో లేని మామూలు ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌లో 80 నుంచి 85 శాతం నిండినా 58, 60 దాకా రావాలి. ఎండ వేడికి, ఎత్తైన ప్రాంతానికి కొంత తగ్గించుకున్నా 38 అంటే గాలి మూడో వంతు మాయమైనట్టే. శక్తి కూడా అదే లెక్కన పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. గాలి నిజంగానే రావడం లేదా, లేక వస్తున్నా మాఫ్ తక్కువ చెబుతోందా?

మాఫ్ అబద్ధం చెబుతుంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఆ తక్కువ గాలికి తగ్గట్టే పెట్రోల్ ఇస్తుంది. నిజమైన గాలి ఎక్కువ కాబట్టి పెట్రోల్-గాలి మిశ్రమం పలుచబడుతుంది. అప్పుడు మొత్తం తొక్కినప్పుడు ఆక్సిజన్ సెన్సర్ 0.2, 0.3కి పడిపోవాలి. హైవే మీద లాంగ్ టర్మ్ ట్రిమ్ +15, +20 దాకా ఎక్కాలి, పీ0171 (మిశ్రమం పలుచగా ఉందనే) కోడ్ కూడా రావాలి. మీ దగ్గర సెన్సర్ 0.88 చూపిస్తోంది. పూర్తి లోడ్‌లో ఉండాల్సిన చిక్కటి మిశ్రమం అది. ట్రిమ్‌లు సున్నాకు దగ్గర్లో ఉన్నాయి. ప్లస్ మైనస్ పది లోపల ఉంటే దిగులు పడనక్కర్లేదు. అంటే మాఫ్ నిజమే చెబుతోంది, గాలి నిజంగానే రావడం లేదు.

ఇదే రుజువు ఫ్యూయల్ పంపుకు కూడా వర్తిస్తుంది. పంపు బలహీనపడితే పూర్తి లోడ్‌లో పెట్రోల్ చాలక మిశ్రమం పలుచబడాలి. 0.88 రాదు. మీ మెకానిక్ చెప్పిన రెండు పార్టులూ ఈ అంకెతోనే లిస్టులోంచి పోయాయి.

ఒక జాగ్రత్త: ఈ వోల్టేజ్ లెక్క 0 నుంచి 1 వోల్టు మధ్య తిరిగే పాత తరహా సెన్సర్లకే. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న బండ్లలో అంకెలు వేరుగా ఉంటాయి, చదివేవాళ్లు పొరబడవద్దు.

రెడీనెస్ గురించి: ఎవరో కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. ఆ తర్వాత క్యాటలిస్ట్ (ఎగ్జాస్ట్ పొగను శుద్ధి చేసే భాగం) పరీక్ష ఈసీయూ ఇంకా పూర్తి చేయలేదు. ‘కోడ్‌లు లేవు’ అన్నమాటకు మీ బండిలో ఇప్పుడు విలువ లేదు.

స్పానర్14:
మల్టీమీటర్ గారు గాలి లెక్క చెప్పేశారు. నేను కూలెంట్ దగ్గర ఆగాను. ట్రాఫిక్‌లో 86, హైవే మీద 70. గాలి తగిలితే చల్లబడిపోతోందంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) తెరుచుకుని ఉండిపోయింది. ఇంజిన్ ఎప్పుడూ పూర్తి వేడికి రాదు, ఆయిల్ చిక్కగానే ఉండి లోపలి రాపిడి ఎక్కువ, ఈసీయూ కూడా ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కాస్త ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. మైలేజ్‌లో కొంత వాటా దీనిదే. పెద్ద ఖర్చు లేని పార్టు. ముందు అది మార్చండి, ఎందుకంటే ఇంజిన్ సరైన వేడిలో లేకుండా తీసే ఏ రీడింగైనా సగమే నమ్మాలి. కూలెంట్ పోసేటప్పుడు సిస్టమ్‌లో గాలి మిగలకుండా చూడమనండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయనివ్వవద్దు.

తర్వాత వ్యాక్యూమ్ గేజ్ (ఇంజిన్ గాలిని పీల్చే బలాన్ని కొలిచేది). ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలకు) సన్నటి పైపు తగిలిస్తే చాలు. ఐడిల్‌లో ఎంత ఉందో చూడండి, తర్వాత 2500 దగ్గర పట్టి ఉంచి సూది ఎలా కదులుతుందో చెప్పండి.

డీజిల్_దారి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది టర్బో డీజిల్, లాగడం లేదు, గట్టిగా తొక్కితే వెనక నల్లటి పొగ. ఇవే పరీక్షలు నాకూ పనికొస్తాయా?

మల్టీమీటర్:
డీజిల్‌లో నల్లపొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని. ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టాలన్నీ చేత్తో తడమండి, కింది వైపు కూడా. పగిలిన చోట చుట్టూ సన్నటి ఆయిల్ పొర కనిపిస్తుంది. లోడ్ మీదే తెరుచుకుంటుంది కాబట్టి ఐడిల్‌లో చూస్తే దొరకదు. గొట్టాలు బాగుంటే ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో చూడండి. వివరాలతో వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

నీలి_హ్యాచ్:
థర్మోస్టాట్ మార్చారు. పాతదాన్ని చూశాను, చల్లగా ఉన్నప్పుడు కూడా దాని వాల్వ్ వేలిగోరు దూరేంత తెరుచుకునే ఉంది. ఇప్పుడు హైవే మీదా, ట్రాఫిక్‌లోనూ 88 నుంచి 92. క్యాబిన్ హీటర్ కూడా ఇప్పుడే సరిగ్గా వేడి గాలి ఇస్తోంది. లాగడంలో మాత్రం మార్పేమీ లేదు.

వ్యాక్యూమ్ గేజ్: ఐడిల్‌లో 18 అంగుళాలు (పాదరసం), సూది నిలకడగా ఉంది. 2500 దగ్గర పట్టి ఉంచితే మొదట 20కి వెళ్లింది. తర్వాత మెల్లగా దిగుతూ 14 దాకా వచ్చేసింది. కాలు తీస్తే వెంటనే పైకి లేవలేదు, కాస్త బద్ధకంగా లేచింది. ఎయిర్ ఫిల్టర్ తీసేసి కూడా చూశాను, అదే తీరు.

స్పానర్14:
దొరికినట్టే ఉంది.

టైమింగ్ బెల్ట్ లేదా చైన్ ఒక పన్ను తప్పి ఉంటే ఐడిల్‌లోనే వ్యాక్యూమ్ తక్కువగా, నిలకడగా, 14, 15 దగ్గర ఉండేది. ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే సూది లయగా కొట్టుకునేది. మీది ఐడిల్‌లో బాగుంది, రేజ్ చేసి పట్టి ఉంచితే జారిపోతోంది. అంటే లోపలికి పోయిన గాలి బయటికి పోవడానికి దారి చాలడం లేదు. కాలిన వాయువు సిలిండర్లో మిగిలిపోతే కొత్త గాలికి చోటుండదు, మాఫ్ 38 చూపడానికి కారణం అదే. ఆ ఎదురు ఒత్తిడిని తోయడానికి ఇంజిన్ తన శక్తినే కొంత ఖర్చు పెడుతుంది. మీరేమో లాగడం లేదని ఇంకా తొక్కుతారు. మైలేజ్ అక్కడ కూడా పోతుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్ పైపులో ఆ క్యాటలిస్ట్ ఉండే డబ్బా) మూసుకుపోయిందని నా అనుమానం. సైలెన్సర్ లోపలి రేకు విరిగి అడ్డం పడటం కూడా జరుగుతుంది కాబట్టి ఇంకా దేన్నీ కొనవద్దు. ముందు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ఎగ్జాస్ట్ ప్రెషర్ గేజ్ పెట్టించండి. మామూలుగా ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్‌ఐ లోపు, 2500 దగ్గర 3 దాటకూడదు. ఇంజిన్ చల్లారాకే విప్పండి, ఆ పైపు కాలితే చర్మం ఊడుతుంది.

(ఎత్తైన ప్రాంతంలో ఉన్నవాళ్లకు: ప్రతి 300 మీటర్ల ఎత్తుకు వ్యాక్యూమ్ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. అంకె కంటే సూది కదిలే తీరు ముఖ్యం.)

సాఫీ_ప్రయాణం:
ఇంత కష్టం ఎందుకండీ, ట్యాంకులో క్లీనర్ బాటిల్ ఒకటి పోసి హైవే మీద బాగా తోలితే క్యాటలిస్ట్ శుభ్రమైపోతుంది. చాలామంది చేస్తున్నారు.

మల్టీమీటర్:
మంచి డిటర్జెంట్ ఉన్న క్లీనర్ ఇంజెక్టర్ల మీది మురికిని కొంత కరిగించగలదు, దాన్ని కాదనను. కానీ కరిగిపోయి గడ్డకట్టిన సిరామిక్‌ను ఏ బాటిలూ తెరవలేదు. దాన్ని ఇంకా వేడెక్కించి తోలితే కింద ఎండు గడ్డి మీద పార్క్ చేసినప్పుడు మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఈ బండితో ఆ పని చేయించవద్దు, ప్లీజ్.

నీలి_హ్యాచ్:
గేజ్ పెట్టారు. ఐడిల్‌లో 2, 2500 దగ్గర 6 దాటింది. కన్వర్టర్ వెనక జాయింట్ విప్పి మళ్లీ చూస్తే తగ్గలేదు, అంటే అడ్డు వెనక సైలెన్సర్లో కాదు, కన్వర్టర్లోనే. బోర్‌స్కోప్‌తో (సన్నటి కెమెరాతో) చూపించారు. తేనెపట్టు లాంటి గదులు ఉండాల్సిన చోట ముందు ముఖం సగం వరకు కరిగి, మెరుస్తూ, గాజు ముద్దలా అతుక్కుపోయి ఉంది.

మెకానిక్ లోపలి భాగం పగలగొట్టి ఖాళీ డబ్బా తిరిగి బిగించేద్దాం, ఖర్చు తప్పుతుందంటున్నాడు. చేయొచ్చా?

మల్టీమీటర్:
వద్దు. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, కాలని హైడ్రోకార్బన్లను తగ్గించేది అదే. తీసేస్తే మీ వెనక నడిచేవాళ్లు పీల్చేది అదంతా. చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, ఎమిషన్ టెస్టులో కూడా పోతుంది. పైగా వెనక ఆక్సిజన్ సెన్సర్ పీ0420 (కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదనే కోడ్) వేస్తూనే ఉంటుంది.

కానీ అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి. కన్వర్టర్ దానంతట అది కరగదు. కాలని పెట్రోల్, దానితోపాటు ఆక్సిజన్ కలిసి లోపలికి వచ్చి అక్కడ మండితేనే అంత వేడి పుడుతుంది. అంటే ఏదో ఒక సిలిండర్ చాలాకాలం మిస్సింగ్ కొట్టింది (పెట్రోల్ మండకుండా వదిలేసింది). ఆ కారణం పట్టుకోకుండా కొత్తది బిగిస్తే అది కూడా అదే దారిన పోతుంది. ఇలా రెండోసారి కొనుక్కున్నవాళ్లను ఈ ఫోరమ్‌లోనే చూశాను.

మెకానిక్ తీసిన పాత ప్లగ్గులు ఉన్నాయా? ఏది ఏ సిలిండర్‌దో తెలిస్తే ఇంకా మంచిది. కాయిల్స్ (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి) ఒక్కొక్కటే పైకి లాగి, వాటి రబ్బరు బూటునూ, కింద ప్లగ్ కూర్చునే బావినీ టార్చ్ వేసి చూడండి.

నీలి_హ్యాచ్:
పాత ప్లగ్గులు డబ్బాలో అలాగే ఉన్నాయి, ఏది దేనిదో గుర్తులేదు. మూడు లేత గోధుమ రంగులో ఉన్నాయి. మిగిలిన ఒకటి తడిగా, నల్లగా ఉంది.

కాయిల్స్ లాగాను. ఒకటి, రెండు, నాలుగు పొడిగా ఉన్నాయి. మూడోది పైకి రావడానికే మొరాయించింది. బయటికి తీస్తే రబ్బరు బూటు చివర ఉబ్బి, మెత్తబడి, వేలికి అంటుకుంటోంది. టార్చ్ వేస్తే బావి అడుగున ఇంజిన్ ఆయిల్ నిలిచి ఉంది, కొత్త ప్లగ్ నట్టు దాకా మునిగి కనిపించింది. బూటు పక్కన పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లటి చార పై నుంచి కింది దాకా ఉంది. ఆ చార ఏంటి?

స్పానర్14:
స్పార్క్ ప్లగ్ కొనలో దూకాల్సిన కరెంటు బూటు పక్కనుంచి ఇంజిన్ బాడీకి దూకిన దారి అది. ఒకసారి ఆ దారి పడితే లోడ్ పెరిగినప్పుడల్లా కరెంటు అటే పోతుంది. ఐడిల్‌లో నున్నగా ఉండి, ఎత్తు మీద మిస్సింగ్ కొట్టే బండ్లలో చాలాసార్లు కనిపించేది ఇదే. ఆయిల్ అక్కడికి వచ్చింది ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) గాస్కెట్ నుంచి, ప్లగ్ బావుల చుట్టూ ఉండే రింగ్ సీల్స్ గట్టిపడి కారాయి.

పని వరస ఇలా పెట్టుకోండి. ముందు ప్లగ్గులన్నీ తీయించి కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ప్లగ్గులు తీసే ముందు బావిలోని ఆయిల్‌ను గుడ్డతో పూర్తిగా తుడవాలి, లేకపోతే అదంతా సిలిండర్లోకి దిగుతుంది. ఇంజిన్ వేడిగా ఉండాలి, పెట్రోల్, స్పార్క్ రెండూ కట్ చేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టాలి. నాలుగింటి మధ్య తేడా పది, పదిహేను శాతం లోపు ఉంటే సంతోషం. ఒకటి తక్కువ వస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు.

అది బాగా వస్తే ట్యాపెట్ కవర్ గాస్కెట్, బావి సీల్స్, మూడో కాయిల్, మూడో ప్లగ్. మిస్‌ఫైర్ (మిస్సింగ్) కౌంట్ సున్నాకు వచ్చిందని స్కానర్లో చూసుకున్నాక, చివరగా కన్వర్టర్. ఈ వరస తిప్పవద్దు.

నీలి_హ్యాచ్:
కంప్రెషన్ నాలుగూ 12 బార్‌కు అటూ ఇటూ వచ్చాయి. ఆ అంకెలు చూశాకే నాకు ప్రాణం లేచి వచ్చింది. గాస్కెట్, సీల్స్, కాయిల్, ప్లగ్ మార్చారు, తర్వాత కన్వర్టర్.

మొత్తం తొక్కితే ఇప్పుడు మాఫ్ 4500 దగ్గర 59. మల్టీమీటర్ గారు చెప్పిన లెక్కకు సరిగ్గా వచ్చింది. నాలుగో గేర్‌లో ఎత్తు ఎక్కేస్తోంది, బండి వేరే బండిలా ఉంది.

కానీ మైలేజ్ 12.6 దగ్గరే ఆగింది. అదే దారి, అదే తోలే తీరు. ఇంకేదో మిగిలిపోయిందనిపిస్తోంది.

నాలుగో_గేర్:
ఇంజిన్ ఇప్పుడు చేయాల్సిన పని చేస్తోంది. ఇక స్పానర్14 గారు మొదట్లో చెప్పిన రెండో సగం చూడాలి, దారిలో పోయే శక్తి.

చదునైన ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ న్యూట్రల్ చేసి వదలండి. బండి హాయిగా జారుతూ పోవాలి. ఎవరో వెనక పట్టుకున్నట్టు ఆగిపోతే బ్రేక్ పట్టేస్తోందని. ఇంకా నమ్మకమైన పరీక్ష: బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ కాసేపు తోలి, ఆపి, నాలుగు చక్రాల డిస్కులనూ డ్రమ్ములనూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. ముట్టుకోవద్దు. ఒకే యాక్సిల్ మీద ఎడమ, కుడి దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి చాలా వేడిగా ఉంటే దొంగ అక్కడున్నాడు.

ఆ చక్రాన్ని జాకీతో లేపి స్టాండ్ పెట్టి, చేత్తో తిప్పండి. తిరగకపోతే హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదిలి చూడండి. అప్పటికీ బిగుతుగా ఉంటే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మీద బ్లీడ్ నిపుల్ (బ్రేక్ ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న స్క్రూ) ఒక్క క్షణం వదులు చేయించండి. వెంటనే చక్రం వదులైతే ఒత్తిడి లోపల నిలిచిపోయిందని అర్థం, పాత రబ్బరు బ్రేక్ హోస్ లోపలి పొర ఉబ్బి దారి మూసేయడం ఇలాంటి బండ్లలో మామూలే. వదులు కాకపోతే క్యాలిపర్ స్లైడ్ పిన్నులు లేదా పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కున్నాయని. నిపుల్ విప్పాక బ్రేక్‌లు బ్లీడ్ చేయకుండా (లోపలి గాలి తీయకుండా) రోడ్డెక్కవద్దు.

ఇది మైలేజ్ సమస్య మాత్రమే కాదండీ. పట్టేసిన బ్రేక్ వేడెక్కి ఫ్లూయిడ్ మరిగితే పెడల్ నేల దాకా పోతుంది. ఇవాళే చూడండి.

నీలి_హ్యాచ్:
మీరు ఇవాళే అన్నారు కాబట్టి వెంటనే చూశాను. వెనక కుడి 41 డిగ్రీలు, వెనక ఎడమ 97. ముందువి రెండూ యాభై దగ్గర్లో సమానం. ఎడమ చక్రం రిమ్ మీద నల్లటి దుమ్ము కూడా ఎక్కువే, నేను బురద అనుకుని కడిగేసేవాణ్ని.

హ్యాండ్‌బ్రేక్ వదిలినా, నిపుల్ వదులు చేసినా చక్రం కదల్లేదు. క్యాలిపర్ విప్పితే కింది స్లైడ్ పిన్ రాలేదు, నూనె కొట్టి, తిప్పుతూ లాగాల్సి వచ్చింది. దాని రబ్బరు తొడుగు (బెల్లో) చిరిగి లోపల గోధుమ రంగు తుప్పు. లోపలి వైపు ప్యాడ్ దాదాపు ఇనుము దాకా అరిగిపోయింది, బయటిది సగం ఉంది. పిన్నులు, బెల్లోలు, రెండు వైపులా ప్యాడ్లు మార్పించి, బ్లీడ్ చేయించాను.

కొత్త_చేతులు:
అద్భుతమైన థ్రెడ్. నాది 1980ల నాటి కార్బ్యురేటర్ బండి, స్కానర్ పెట్టే పోర్టే లేదు. నేనేం చూడాలి?

స్పానర్14:
అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి ఓబీడీ పోర్టు తప్పనిసరైంది. మీ బండికి అది లేకపోయినా వ్యాక్యూమ్ గేజ్, కంప్రెషన్ టెస్టర్, ఎగ్జాస్ట్ ఒత్తిడి, చక్రాల వేడి అన్నీ అలాగే పనిచేస్తాయి. మీకు అదనంగా చూడాల్సినవి ఇగ్నిషన్ టైమింగ్, డిస్ట్రిబ్యూటర్‌లోని అడ్వాన్స్ మెకానిజం. వ్యాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రమ్ చిరిగిపోతే మైలేజ్ తగ్గుతుంది, లోపలి బరువులు ఇరుక్కుంటే పై ఆర్‌పీఎంలో లాగదు. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఫ్లోట్ లెవల్ ఎక్కువై పెట్రోల్ పొంగుతోందా చూడండి. ప్లగ్గులు మసి పట్టి నల్లగా ఉంటే మిశ్రమం చిక్కగా ఉంది.

నీలి_హ్యాచ్:
కొన్ని ట్యాంకుల తర్వాత రాస్తున్నాను, సగటు 14.7. రెడీనెస్‌లో క్యాటలిస్ట్ ‘పూర్తయింది’ అని వచ్చింది, కోడ్‌లు లేవు, మూడో సిలిండర్ మిస్‌ఫైర్ కౌంట్ సున్నా. వెనక రెండు చక్రాలకూ ఇప్పుడు రెండు మూడు డిగ్రీలే తేడా.

మార్చకుండా మిగిలినవి ఆక్సిజన్ సెన్సర్, ఫ్యూయల్ పంపు. మల్టీమీటర్ గారూ, స్పానర్14 గారూ, నాలుగో_గేర్ గారూ, మీకు ఎంతో రుణపడి ఉన్నాను. ఇంకా ఏమైనా గమనిస్తూ ఉండాలా?

మల్టీమీటర్:
ఆయిల్ లెవల్ క్రమం తప్పకుండా డిప్‌స్టిక్ తీసి చూడండి. సీల్స్ మార్చినా తగ్గుతూ ఉంటే రింగులో, వాల్వ్ సీల్సో ఆయిల్ తాగుతున్నట్టు. అది కొత్త కన్వర్టర్‌ను పూతలా కప్పేసి మెల్లగా చంపుతుంది. మూడో బావిలోకి కొన్నాళ్ల తర్వాత ఒకసారి టార్చ్ వేసి చూడండి, పొడిగా ఉండాలి. ఇప్పటి ట్రిమ్‌లు, మాఫ్, వ్యాక్యూమ్ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. బండి బాగున్నప్పటి అంకెలు దగ్గరుంటే, మళ్లీ ఎప్పుడైనా తేడా వస్తే పోల్చుకోవడానికి పనికొస్తాయి.